రైలుకట్ట, చెరువుకట్ట
(పంచాయతీ సభ్యులకు కొన్ని రైల్వే పాఠములు)

వరంగల్లు ప్రాంతమున ఘనపూర్ అను పేరుగల ఊళ్లలో రెండు ప్రసిద్ధములు. ఒకటి నేటి భూపాలపల్లి జిల్లాలోనిది. కాకతీయుల నాటి కోటగుళ్లచే పేరు వహించిన ఆ గ్రామమును ములుగు ఘనపూర్ అని వ్యవహరించుచుండిరి. రెండవది నేటి జనగామ జిల్లాలోనిది. ఒకే పేరుగల రెండు ఊళ్లను వేరుగా గుర్తించుట ఎట్లు? జనులు సులువైన ఉపాయము కనిపెట్టిరి. రైలు ఆగు ఊరికి స్టేషనునే ఇంటిపేరుగా చేసిరి. అది నాటినుండి స్టేషన్ ఘనపూర్. నీటిపారుదల శాఖవారి కాగితములలో అచ్చటి జలాశయము పేరు సైతము ‘ఆర్.ఎస్. ఘనపూర్’ అనియే కన్పించును. ఆర్.ఎస్. అనగా రైల్వే స్టేషను.

1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు నిర్మించిన మార్గమును నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు 1886లో వరంగల్లు వరకును, 1889లో బెజవాడ వరకును పొడిగించిరి. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ మార్గము పూర్తియగుటతో ఇది ఉత్తర దక్షిణ భారతములను కలుపు రాచబాటలో భాగమైనది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వే ఏర్పడినది మొదలు ఈ మార్గము సికింద్రాబాదు ముఖ్యస్థానముగా గల ఆ సంస్థ ఏలుబడిలో ఉన్నది.

జనగామ, రఘునాథపల్లి, ఘనపూర్, పెండ్యాల, కాజీపేట. ఈ స్టేషన్ల నడుమ నూటముప్పది సంవత్సరములకు పైగా రైలుకట్ట మన చేల మధ్యగా పడియున్నది. ఏ బండి ఏ వేళకు పోవునో గడియారము లేకయే చెప్పగల రైతులు ఈ గ్రామములలో ఎందరో కలరు. కాని గేటు మనిషి ఎందుకు గేటు తెరువడో, పట్టాల క్రింద కంకర ఎందులకు పోయుదురో, స్టేషను మాస్టరు వెళ్లిపోవుచున్న బండి తోకవైపు ఎందుకు తేరిపార చూచునో అడిగినచో, పంచాయతీ సభ్యులలో సమాధానము చెప్పువారు అరుదు. ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన విషయమైనచో దీనికై ఇన్ని పుటలు వెచ్చింప పనిలేదు. గ్రామము చేతిలోనున్న కొన్ని పనులపై వందలాది ప్రయాణికుల ప్రాణములు ఆధారపడి యున్నవి. అందువలన ఈ పాఠము.

కట్ట, కంకర, దిమ్మెలు, పట్టాలు

రైలుమార్గమును క్రిందినుండి పైకి చదువవలెను. అన్నిటికి అడుగున మట్టికట్ట. దానిపై కంకర. కంకరలో కూర్చుండబెట్టిన అడ్డుదిమ్మెలు, వీనినే స్లీపర్లందురు. పూర్వము ఇవి టేకు, మద్ది మొదలగు కొయ్యవి, ఇనుపవి. నేడు ప్రధాన మార్గములందు ఉక్కుతీగలను బిగించి పోసిన కాంక్రీటు దిమ్మెలే వాడుచున్నారు. కిలోమీటరుకు 1,660 దిమ్మెలు, అనగా రెండడుగులకొకటి చొప్పున పడును. దిమ్మెలపై రెండు పట్టాలు. ప్రధాన మార్గములలో వేయుచున్న బరువైన పట్టా మీటరు ఒక్కింటికి 60 కిలోగ్రాములు తూగును. రెండు పట్టాల లోపలి అంచుల నడుమ ఎడమును గేజి అందురు. మన పెద్దలైను గేజి 1,676 మిల్లీమీటర్లు, అనగా ఐదడుగుల ఆరంగుళములు. చక్రమునకు లోపలివైపున చిన్న అంచు కలదు. ఆ అంచే బండిని పట్టాపై నిలుపును. గేజి కొలది అంగుళములు విరిసినను ఆ అంచు పట్టు తప్పును.

పట్టాను దిమ్మెకు బిగించు ఉక్కు కొక్కెములను క్లిప్పులందురు. పూర్వము ఇనుప మేకులను, చీలలను కొట్టి బిగించెడివారు. ఆ చీలకు ‘కీ’ అని పేరు. ప్రతిదినము మార్గము పొడవునా నడచి సడలిన కీలను సుత్తితో బిగించువాడు కీమాన్. కీలు పోయి క్లిప్పులు వచ్చినను ఆ పేరు మాత్రము నిలిచియున్నది. తెల్లవారుజామున చేతిలో సుత్తి, భుజముపై సంచి, సంచిలో ఎర్రజెండాతో మీ ఊరి ప్రక్కగా పోవువాడు అతడే. రెండు పట్టాల కొనలను ఇరుప్రక్కల పలకలు వేసి బోల్టులతో కలుపుదురు. ఆ పలకయే ఫిష్ ప్లేటు. దానిని ఊడబెరికినచో ఏమగునో చెప్ప పనిలేదు.

ఇక కంకర సంగతి. చూచుటకు ఊరక పడియున్న రాళ్లవలె నుండును. ఇంటి పునాదికో, వాకిలి గుంట పూడ్చుటకో నాలుగు తట్టలు తెచ్చుకొన్న తప్పేమి అని తోచును. తప్పు ఎచటనున్నదో వివరించెదను. పూర్వము పట్టాలు 13 మీటర్ల ముక్కలుగా నుండి, ముక్కకు ముక్కకు నడుమ వేసవిలో సాగుటకై కొంచెము సందు ఉండెడిది. ‘టకటక’ మను రైలు చప్పుడు ఆ సందులదే. నేడు పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికి ఏకఖండముగా చేయుచున్నారు. చలికాలపు వేకువకును వేసవి మధ్యాహ్నమునకును పట్టా వేడిలో 40 డిగ్రీల తేడా ఉన్నదనుకొందము. స్వేచ్ఛగా విడిచినచో కిలోమీటరు పట్టా సుమారు అరమీటరు సాగవలెను. సాగనీయక దానిని పట్టి ఉంచునది దిమ్మె. దిమ్మెను కదలనీయక పట్టి ఉంచునది దాని చుట్టు, కొనలవద్ద పోసిన కంకర. ఆ కంకర తొలగినచోట పట్టా ఎండకు పామువలె ప్రక్కకు వంకరపోవును. కాబట్టి దిమ్మె కొనవద్దనుండి తీసిన తట్టెడు రాళ్లు వేసవిలో ఒక బండికి యమపాశమగుటకు అవకాశము కలదు. వాననీటిని నిలువనీయక జారవిడుచుట కంకర చేయు రెండవ పని. కట్ట పాదమునుండి మొరము త్రవ్వుట సైతము ఇట్టిదే. ఇటుకబట్టీలకు మట్టి కావలసినపుడు ఈ మాటను పంచాయతీ గట్టిగా చెప్పవలెను.

ఒక ఖండమున ఒకే బండి

రైలు నడుపుటలోని నియమములు గ్రంథములకు గ్రంథములుగా నున్నవి. కాని వానికన్నిటికి మూలకందము ఒక్కటే: ఒక దారిపై రెండు స్టేషన్ల నడుమనున్న ఖండమున ఒక సమయమున ఒక్క బండియే ఉండవలెను. ఈ ఖండమును బ్లాక్ సెక్షను అందురు. బండ్ల రాకపోకలు అధికముగానున్నచోట నడుమ సిగ్నళ్లు నాటి ఒక ఖండమును పలు ఖండములుగా విభజింతురు; అప్పుడును సూత్రము మారదు.

ఇంత కట్టుదిట్టమెందులకు? రోడ్డుపై లారీ నడుపువాడు ఎదుట ఎద్దును చూచి ఆపగలడు, ప్రక్కకు త్రిప్పగలడు. రైలునకు ఆ రెండును లేవు. గంటకు 108 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 30 మీటర్లు నడచును. ఉక్కుచక్రము ఉక్కుపట్టాపై జారును గాని మట్టిపై బండిచక్రమువలె పట్టుకొనదు. డ్రైవరు (నేడు లోకో పైలట్ అని వ్యవహరింతురు) బ్రేకు పూర్తిగా వేసినను బండి నిలుచుటకు సుమారు కిలోమీటరు దూరము పట్టవచ్చును. అనగా అతనికి కన్పించిన తరువాత ఆపుట అనునది సాధ్యము కాదు. కన్పించుటకు ముందే తెలియవలెను. సిగ్నలు చేయు పని ఇదియే.

ఘనపూర్ నుండి ఒక బండి పెండ్యాలవైపు పోవలసియున్నదనుకొందము. ఘనపూర్ స్టేషను మాస్టరు తన గదిలోని బ్లాకు యంత్రము ద్వారా పెండ్యాల మాస్టరును ‘దారి ఖాళీయేనా?’ అని అడుగును. దీనినే లైన్ క్లియర్ అడుగుట అందురు. వెనుకటి బండి పూర్తిగా చేరి, తన సిగ్నళ్లు తిరిగి ఎర్రకు వచ్చిన పిమ్మటనే పెండ్యాల మాస్టరు ఒప్పుకొనును. అతడు ఒప్పుకొననిది ఘనపూర్ చివరి సిగ్నలు పచ్చకాదు. ఆ సిగ్నలును దాటుటకు అనుమతియే ఆ ఖండములోనికి ప్రవేశించుటకు అనుమతి.

‘పూర్తిగా చేరి’ అను మాటలో ఒక చిక్కు ఉన్నది. బండి వచ్చినది నిజమే. కాని నడుమ తెగి రెండు పెట్టెలు దారిలో నిలిచిపోయినచో? అందులకే ప్రయాణికుల బండి కడపటి పెట్టె వెనుక పెద్ద గుణకారపు గుర్తు వ్రాసియుందురు, రాత్రివేళ ఎర్రదీపము వెలుగుచుండును. ఆ గుర్తును కంటితో చూచిన పిమ్మటనే మాస్టరు బండి మొత్తము చేరినట్లు నిశ్చయించును. ఇప్పుడు కొన్నిచోట్ల ఇరుసులను లెక్కించు యంత్రములు ఆ పని చేయుచున్నవి: ఖండములోనికి ఎన్ని ఇరుసులు పోయినవో అన్నియు బయటికి రానిదే దారి ఖాళీ అని ఒప్పుకొనవు.

ఇక సిగ్నళ్ల భాష. ఎరుపు నిలువుమనును. ఒక్క పసుపు ‘ముందున్న సిగ్నలు వద్ద నిలుచుటకు సిద్ధముగా పొమ్ము’ అనును. రెండు పసుపులు ‘ముందు జాగ్రత్త కావలసియుండును’ అని తెలుపును. ఆకుపచ్చ నిరభ్యంతరముగా పొమ్మనును. స్టేషనుకు వచ్చు బండికి మొదట దూరపు సిగ్నలు (డిస్టెంటు), పిదప స్టేషను వాకిలివంటి హోమ్ సిగ్నలు, బయలుదేరునపుడు స్టార్టరు, కొన్నిచోట్ల దానిని దాటి ఇంకొక స్టార్టరు ఉండును. డిస్టెంటు ఎన్నడును ఎరుపు చూపదు. అది ఆపునది కాదు, హెచ్చరించునది. మన ఊళ్లలో ‘బండి అవుటర్లో ఆగినది’ అని వాడుక కలదు. హోమ్ సిగ్నలు ఎర్రగానుండి స్టేషను వెలుపల నిలిచిన బండిని గూర్చియే సాధారణముగా అట్లందురు. స్టేషనులోని దారి నిండియున్నదనియో, బండిని ప్రధాన దారినుండి ప్రక్కదారికి (లూప్ లైనుకు) త్రిప్పు పాయింట్లు ఇంకను బిగియలేదనియో దాని అర్థము. డ్రైవరు నిద్రించుచున్నాడని అర్థము కాదు.

పూర్వపు రెక్క సిగ్నళ్లను చూచినవారికి ఒక సంగతి గుర్తుండును. రెక్క అడ్డముగా నున్న నిలువుము. క్రిందికి వాలిన పొమ్ము. స్టేషనునుండి తీగ లాగిననే రెక్క వాలును. తీగ తెగినచో? రెక్క తనంతట తానే తిరిగి అడ్డముగా నిలుచును. ఏదైన చెడినచో బండి ఆగవలెనే గాని పోరాదు. రైల్వే యంత్రములన్నిటి కూర్పులోను ఈ తెలివి ఇమిడియున్నది. మన పంచాయతీ లెక్కలలో ఇట్టి ఏర్పాటున్న ఎంత బాగుండునో!

సిగ్నలునకు కనపడని శత్రువు

ఇంత కట్టుదిట్టము ఉన్నను ఒక లోటు మిగిలినది. ఈ యేర్పాటు బండినుండి బండిని కాపాడును. దారి క్రింద మట్టి కొట్టుకొనిపోయినచో సిగ్నలునకు తెలియదు. అట్టిచోట పట్టాలు తెగవు, దిమ్మెలు ఊడవు. క్రింద ఏమియు లేక ఉయ్యాలవలె గాలిలో వ్రేలాడుచుండును. పట్టా అవిచ్ఛిన్నముగా నున్నది గనుక విద్యుత్తు దానిలో ప్రవహించుచునేయుండును. ఖండమున మరొక బండి లేదు గనుక సిగ్నలు పచ్చగానే యుండును.

ఈ ప్రాంతమువారికి ఇది కొత్త కథ కాదు. 1954 సెప్టెంబరు 27, 28 తేదీల నడిరేయి, జనగామకును రఘునాథపల్లికిని నడుమ యశ్వంతాపూర్ వాగు పొంగి, వంతెన దెబ్బతిని, హైదరాబాదు నుండి వచ్చుచున్న ఎక్స్‌ప్రెస్ బండి వాగులో కూలినది. నూరుమందికి మించి మరణించిరి. రెండేండ్లు తిరుగక మునుపే, 1956 సెప్టెంబరు 2వ తేదీన, జడ్చర్ల, మహబూబ్‌నగరుల నడుమ ఇట్లే వంతెన కూలి నూరుమందికి పైగా చనిపోయిరి. నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చిరి. ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. ఆ యేడు నవంబరులో మద్రాసు రాష్ట్రమున అరియలూరువద్ద మరల వరదవలననే ఘోరము జరుగగా శాస్త్రిగారు తిరిగి రాజీనామా ఇచ్చిరి, ఈ మారు అది ఆమోదింపబడినది.

అర్ధశతాబ్దము పిమ్మట 2005 అక్టోబరు 29న, నల్లగొండ జిల్లా (నేడు యాదాద్రి భువనగిరి జిల్లా) వలిగొండ చేరువను, రేపల్లె నుండి సికింద్రాబాదు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు తెల్లవారకమునుపు వరదలో పడినది. అచ్చట మహానది ఏదియు లేదు. ఎగువనున్న చెరువు తెగినది. ఆ నీరు రైలుకట్టను కోసినది. మృతులు నూరుమందికి మించిరి.

చెరువు తెగుట అనిన ఏమో అంకెలతో చూతము. ఇరువది హెక్టారుల విస్తీర్ణమున సగటున రెండు మీటర్ల లోతుగల చిన్న చెరువు ఒకటున్నదనుకొనుడు. అందు నాలుగు లక్షల ఘనమీటర్ల నీరుండును. అలుగుపై పారునపుడు ఆ నీరు దినములకొలది మెల్లగా పోవును. కట్ట తెగి రెండు గంటలలో ఖాళీయైనచో సెకనుకు 55 ఘనమీటర్ల చొప్పున వచ్చి పడును. దిగువ రైలుకట్టలోని రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తుగల తూము, నీరు సెకనుకు మూడు మీటర్ల వేగముతో పరువెత్తినను, పన్నెండు ఘనమీటర్లకు మించి సాగనీయజాలదు. తక్కినదంతయు రైలుకట్టకు ఒరగి చెరువువలె నిలుచును. అప్పుడు రైలుకట్టయే చెరువుకట్ట యగును, కాని చెరువుకట్టకుండు అలుగు దానికి లేదు. నీరు పైనుండి పొర్లి మొదట కంకరను, పిదప మట్టిని కోసికొనిపోవును. తెలంగాణపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు క్రిందిచెరువును నింపును; పైది తెగినచో క్రిందిది తట్టుకొనలేదు. కాకతీయుల నాటినుండి మనకు అన్నము పెట్టిన ఈ గొలుసు, తెగినపుడు ఒకదానివెంట నొకటిగా తెగును.

అందుచేత రైల్వేవారు తమ మార్గమునకు ఎగువనుండి అపాయము కలిగింపగల చెరువుల పట్టికను ఉంచుకొందురు. వర్షకాలమునకు ముందు వానిని రైల్వే ఇంజనీర్లును రాష్ట్ర నీటిపారుదల ఇంజనీర్లును కలిసి చూడవలెనని యేర్పాటు కలదు. వంతెన కంబములపై అపాయకరమగు నీటిమట్టము గీతను ఎర్రరంగుతో గీసియుందురు. వానకాలపు రాత్రులలో కాపలావాండ్రు దీపము, జెండాలు, పటాసులు పట్టుకొని తమ తమ హద్దులలో నడచుచుందురు. ఒక హద్దు చివర ఇరువురు కలిసికొని పుస్తకములు మార్చుకొందురు. వేళకు కాపలావాడు స్టేషను చేరకున్నచో ఏదో జరిగియుండుననియే భావించి మాస్టరు ఆ దారిన పోవు బండ్లకు వేగము తగ్గింపుమని ఆజ్ఞాపత్రము నిచ్చును. తెగిన తీగతో రెక్క అడ్డముగా నిలుచుట వంటిదే ఇది: కబురు లేకుండుటయే కబురు.

ఈ కాపలా ఎంత విలువైనదో 2024లో మరల తేలినది. కాజీపేటనుండి విజయవాడ పోవు మార్గమున, మహబూబాబాదు జిల్లాలో, ఇంటికన్నె, కేసముద్రముల నడుమ ఆగస్టు 31 రాత్రి కురిసిన కుంభవృష్టికి, సెప్టెంబరు 1 నాటికి పలుచోట్ల కట్ట, కంకర కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. సిబ్బంది కనిపెట్టి బండ్లను ముందుగనే ఆపివేయుటచే ఒక్క బండియు పడలేదు. దారి బాగుపడుటకు దినములు పట్టినది గాని ప్రయాణికుల ప్రాణములు దక్కినవి.

కాని కాపలావాడు నడచునది రైలుకట్టపై, చెరువుకట్టపై కాదు. అతడు ఒకచోటు దాటి మరల అచ్చటికి వచ్చుటకు గంటలు పట్టును. రెండు కిలోమీటర్లు ఎగువనున్న కట్టకు ఎలుకబొరియ పడినదా, తూమువద్ద బురదనీరు ఊరుచున్నదా, అలుగుకు అడ్డము కట్టి ఎవరైన చేపల వల పన్నిరా అను సంగతి అతనికి తెలియు మార్గము లేదు. ఆ సంగతి నీరడికి తెలియును, ఆయకట్టు రైతుకు తెలియును, గొర్రెలకాపరికి తెలియును. వారు చెప్పునది సర్పంచుకు. ఇచ్చటనే రైల్వే నియమములు ఆగి పంచాయతీ పని ఆరంభమగుచున్నది. రైలుమార్గమునకు ఎగువ చెరువు గల ప్రతి గ్రామపంచాయతీ, తమ చెరువు ఆ పట్టికలో నున్నదో లేదో వానలకు ముందే విచారించి తెలిసికొనవలెను. లేనిచో చేర్చుమని వ్రాతమూలముగా కోరవలెను. కట్ట బలహీనమైన రాత్రి ఊరివారిని లేపుటతోపాటు దిగువ స్టేషనుకు కబురు పంపుట ఎవరి బాధ్యతయో ముందుగనే తీర్మానించి పేరు వ్రాసి ఉంచవలెను. వాన జోరున కురియుచుండగా ఈ చర్చకు కూర్చుండుట కుదరదు.

అపాయము కంటబడినపుడు

కబురు ఎవరికి, ఎట్లు? సమీపమున గేటు ఉన్నచో గేటు మనిషి గదిలో స్టేషనుకు ఫోను ఉండును. అన్నిటికంటె అదియే త్వరితము. స్టేషను చేరువనున్న మాస్టరునకు నేరుగా చెప్పవలెను. రెండును దూరమైనచో 139 సంఖ్యకు ఫోను చేయవచ్చును. చోటును గుర్తించుటకు ఒక సులువు కలదు. రైలుమార్గము వెంట విద్యుత్తు తీగలను మోయు ఉక్కుస్తంభములపై అంకెలు వ్రాసియుండును: పైన కిలోమీటరు సంఖ్య, క్రింద ఆ కిలోమీటరులో స్తంభపు వరుససంఖ్య. ‘తుమ్మచెట్టు దగ్గర’ అని చెప్పినచో తుమ్మచెట్లు వేయి యున్నవి. ఈ రెండంకెలు చెప్పినచో మాస్టరు వ్రేలుపెట్టి చూపగలడు.

బండి వచ్చు వేళయైనది, ఫోనుకు అవకాశము లేదు. అప్పుడేమి చేయవలెను? రైల్వే సేవకునకు నియమమిది: అపాయస్థలమునుండి బండి వచ్చుదిక్కునకు ఎర్రజెండా చూపుచు పరుగెత్తి, 600 మీటర్లవద్ద పట్టాపై ఒక పటాసును, 1,200 మీటర్లవద్ద పదేసి మీటర్ల ఎడముగా మూడు పటాసులను పెట్టవలెను. చక్రము ఎక్కిన పటాసు ప్రేలును, డ్రైవరు ఆపును. గ్రామస్థునియొద్ద పటాసులు ఉండవు, ఉండరాదు. కాని ఆ దూరము వెనుకనున్న లెక్క అతనికి వర్తించును. గండివద్దనే నిలిచి చేతులూపిన లాభము లేదు. కిలోమీటరునకు మించి ఎదురేగవలెను. పగలు ఎర్రగుడ్డ ఏదైనను చాలును. అదియు లేనిచో రెండు చేతులను అరచేతులు విప్పి తలపైకి ఎత్తి నిలువవలెను. అది ‘నిలువుము’ అను గుర్తు. రాత్రి ఎర్రదీపము లేనిచో తెల్లదీపమును, టార్చినైనను, శరీరమునకు అడ్డముగా అటునిటు వడివడిగా ఊపవలెను. పట్టాల నడుమ గాక ప్రక్కన నిలువవలెనని వేరుగా చెప్పనక్కరలేదనుకొందును. జోడుదారులున్నచోట రెండవ దిక్కునకు మరొకనిని పంపవలెను.

తీగలనుగూర్చి ఒక్క మాట. వానిలో ప్రవహించునది 25,000 వోల్టుల విద్యుత్తు. తెగిపడిన తీగను కర్రతోనైనను తాకరాదు, దగ్గరకే పోరాదు. వరిగడ్డి మోపులు ఎత్తుగా వేసిన బండ్లు, ట్రాక్టర్లు గేటువద్ద అడ్డుకమ్మి ఎత్తునకు లోబడియే ఉండవలెను.

గేటు తగవు

గేటు మనిషితో తగవులాడని గ్రామము లేదు. ‘బండి ఇంకను కనపడదు, ఒక్క నిమిషము తెరువరాదా?’ అందురు. చాలచోట్ల గేటునకు సిగ్నలునకు లంకె ఉన్నది. గేటు మూసి తాళము పడనిదే సిగ్నలు పచ్చకాదు. సిగ్నలు పచ్చయైన పిమ్మట తాళము రాదు. అనగా అతడు తెరువడు కాదు, తెరువలేడు. లంకె లేని గేట్లవద్ద మాస్టరు ఫోనులో బండి సంగతి తెలిపి, గేటు మూసినట్లు గేటు మనిషి చెప్పు రహస్యసంఖ్యను వ్రాసికొనిన తరువాతనే బండిని వదలును. ఒకమారు ఆ సంఖ్య చెప్పి గేటు తెరచినవాడు దూరముననున్న డ్రైవరునకు అబద్ధము చెప్పినవాడగును. బలవంతముగా గేటు తెరచినవానికి 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము మూడేండ్ల వరకు, విరుగగొట్టినవానికి ఐదేండ్ల వరకు శిక్ష కలదు.

కాపలా లేని గేట్లవద్ద ఏమి జరిగెడిదో 2014 జూలై 24న నాటి మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద లోకము చూచినది. పాఠశాల బస్సును బండి ఢీకొనగా పదిమందికి మించి పసిపిల్లలు మరణించిరి. పెద్దలైను మార్గములందు అట్టి కాపలాలేని గేట్లను 2019 జనవరి నాటికి పూర్తిగా తొలగించిరి. కొన్నిచోట్ల గేటుకు మారుగా పట్టాల క్రిందుగా దారి వేసిరి. ఆ దారులలో వానకు నడుములోతు నీరు నిలుచుట గ్రామస్థులు చెప్పుకొను కష్టములలో న్యాయమైనది. పల్లపు దారి వేయునపుడే నీరు పోవు కాలువ ఎచ్చటికి కలియునో నక్షాలో చూపుమని పంచాయతీ అడుగవలెను. పని ముగిసిన తరువాత అడుగుట కంటె అది సుకరము. ఆ కాలువ ఊరి మురుగుకాలువలో కలియునదైనచో దానిని వానలకు ముందు పూడిక తీయు భారము పంచాయతీదే.

మంచినీటి గొట్టమునో, మురుగుకాలువనో రైలుకట్ట క్రిందినుండి దాటింపవలసిన పంచాయతీలు ఈ సంగతిని తప్పక గమనింపవలెను. రైల్వేవారి వ్రాతపూర్వకమగు అనుమతి లేక కట్టను ఒక జానెడైనను త్రవ్వరాదు. గొట్టమును మరొక పెద్ద గొట్టములో దూర్చి దాటింపవలెను. లోగొట్టము పగిలినను నీరు కట్టలోనికి ఊరకుండుటకే ఈ నియమము. దరఖాస్తునందు దాటు చోటి కిలోమీటరు సంఖ్యను, స్తంభపు సంఖ్యను, గొట్టము కొలతలను, లోతును చూపి, నక్షాను జతపరుపవలెను.